పూజ మరుసటి పొద్దు స్క్రీన్ రాలేదు

మా చెల్లికి చెవులు వినపడవు. మాట కూడా రాదు. పుట్టినప్పటి నుంచీ అంతే. ఈ సంగతి దాచిపెట్టి చివర్లో చెప్పి మిమ్మల్ని ఏడిపించాలని నాకు లేదు, అందుకే ముందే చెప్పేస్తా ఉన్నా. మా వీధిలో వాళ్ళు దాన్ని మూగమ్మ అనేవాళ్ళు, ఎదురుగా నిలబడే అనేవాళ్ళు, ఎట్లాగూ వినపడదు కదా అని. అనేటప్పటి వాళ్ళ మొహాలు దానికి బాగా కనపడేవి. ఆ సంగతి మాత్రం ఆ మహానుభావుల్లో ఒక్కరికీ తట్టలేదు.

అప్పుడు బెళ్ళందూరులో మేమిద్దరమే, ఒకే గదిలో. రింగ్ రోడ్డు పక్కన ఆఫీసులు లేస్తా ఉండె, వాటి వెనకాలే అపార్ట్‌మెంట్లు. నేను ఒక సూపర్ మార్కెట్లో పని చేస్తా ఉంటి. పేరుకే సూపర్ మార్కెట్. పాత అంగడి గోడ పడగొట్టి, నాలుగు ర్యాకులు వేసి, వాకిట్లో ఒక బిల్లు కౌంటరు పెట్టినారు, అంతే. నా పని వెనక గదిలో. పప్పు, బెల్లం, చింతపండు తూకం వేసి కవర్లలో కట్టాల. ఓనరు నెల్లూరాయన, మంచోడే. నాకు తంటా వచ్చిందంతా మంచోళ్ళతోనే. చెడ్డోడైతే నాలుగు తిట్లు తిట్టుకొని మరిచిపోయేదాన్ని.

కౌంటర్లో కూచొనే అమ్మాయి కాల్ సెంటర్లో ఉద్యోగం దొరికిందని ఉన్నపళంగా మానేసింది. నేను పోయి, "మా చెల్లిని పెట్టుకోండి సార్" అన్నా. ఆయన నవ్వలేదు, అదే గొప్ప.

"వినపడదు కదమ్మా, కౌంటర్లో ఎట్టా?"

"వినేదేముంది సార్? సామాను తీసి ఆ ఎర్ర లైటుకు చూపిస్తే పేరూ రేటూ స్క్రీన్ మీద పడతాయి. మొత్తం కూడా అదే చూపిస్తాది. కొనేవాళ్ళు చూసుకొని ఇస్తారు. మీ మిషనే మాట్లాడతా ఉంటే మా చెల్లి ఎందుకు మాట్లాడాల?"

"సరే, దసరా దాకా చూద్దాం. బాగుంటే అట్టే ఉంచేద్దాం" అన్నాడు.

ఆ పని దానికి ఎంత అవసరమో చెప్పాల. మా అమ్మ ఆనేకల్లులో ఉండె. బంధువుల మగ్గాల ఇంట్లో నూలు కండెలు చుట్టే పనికి దీన్ని తీసుకుపోతానని ఎప్పుడూ ఒకటే పోరు. చిన్నప్పుడు బడి మానిపించినాక అక్కడే కూచునింది మా చెల్లి, గోడకు మొహం పెట్టి, పొద్దు పొడిచింది మొదలు పొద్దు గూకేదాకా. దాని మొహం చూసేవాళ్ళు లేరు, అది చూడ్డానికి ఒక మొహం లేదు. ఈ కౌంటరు నిలిస్తే దాని బతుకు దానిది. నిలవకపోతే మళ్ళీ ఆ గోడే.

పని తొందరగా పట్టేసింది. బడిలో దానికి అంకెలూ అక్షరాలూ నేర్పినారు గానీ వాక్యం నేర్పలేదు. ఉప్పు అని రాస్తే చదవతాది, ఉప్పు అయిపోయింది అని రాస్తే బిక్కమొహం వేస్తాది. ఆ మిషన్‌కు అంతకంటే అక్కరలేదు. మానిటర్‌ను కొంచెం పక్కకు తిప్పి పెట్టుకొనింది, తనకూ ఎదుటివాళ్ళకూ కనపడేట్టు. మొత్తం పడగానే స్క్రీన్ అంచు మీద వేలితో తట్టేది. కన్నడమోళ్ళకీ, హిందీవాళ్ళకీ, మన తెలుగు సాఫ్ట్‌వేర్ పిల్లలకీ అదే తట్టు. చానామందికి దానికి మాట రాదనే తెలియదు. పొగరు అనుకొని ఉంటారు. అనుకోనీ!

ఒకరోజు ఇంటికి వస్తూనే నన్ను ఎదురుగా నిలబెట్టి, పెదాలు అదిమి, మే-డ-మ్ అని నోరు తిప్పి చూపించింది. నన్ను అట్లా పిలిచినారు అని. నేను పొట్ట పట్టుకొని నవ్వినా. అది నవ్వలేదు. అంగడివాళ్ళు ఇచ్చిన నీలం కోటు విప్పకుండానే అన్నం తినింది ఆ పొద్దు.

ఆయుధ పూజ వచ్చింది. ఈ ఊర్లో ఆ పండగ సంగతి చెప్పాల్నా! ఆటోలకు అరటి పిలకలు, బస్సులకు పూలహారాలు, ఆఫీసుల్లో కంప్యూటర్లకు కూడా కుంకుమ. మా ఓనరైతే ఈ ఊరివాళ్ళను మించి చేసేవాడు. తూకం మిషనుకు, ఫ్రిజ్‌కు, డెలివరీ సైకిలుకు, అన్నిటికీ అయినాక బిల్లింగ్ మిషన్ దగ్గరికి వచ్చినాడు. మానిటర్ నెత్తిన విభూతి పట్టెలు వేసినాడు. కింది అంచు పొడుగునా చిక్కగా గంధం పూసి, దాని మీద కుంకుమ బొట్లు పెట్టి, పైన సేవంతిపూల హారం వేసినాడు. వాకిట్లో బూడిద గుమ్మడికాయ పగలగొట్టించినాడు. పూజ చేసినదాన్ని ఆ పొద్దుకు వాడకూడదని మిషన్ ఆపేసి, హారతి పళ్ళెం అందరికంటే ముందు మా చెల్లికి చూపించినాడు. ఇంకేముంది, ఉంచేసుకున్నట్టే అని నేను ఉబ్బిపోయినా.

మరుసటి పొద్దున విజయదశమి. పూజ గుర్తులు ఇంకొకరు తుడవకూడదని ఓనరే స్నానం చేసి వచ్చి, తడిగుడ్డతో మానిటర్ అంచులన్నీ తుడిచినాడు. గంధం ఎండి అట్టకట్టుకొని ఉంటే అదిమి అదిమి రుద్దినాడు. స్విచ్ వేసినాడు. కౌంటర్ కింద డబ్బా గుర్రుమనింది. మానిటర్ మూలలో పచ్చ లైటు వెలిగింది. స్క్రీన్ రాలేదు.

వైర్లు పీకి మళ్ళీ పెట్టినాడు. యూపీఎస్ ఆపి, వేసి, మళ్ళీ ఆపినాడు. వెనక పిన్ను విప్పి ఉఫ్ మని ఊది బిగించినాడు. నెత్తిన తట్టినాడు, మొదట మెల్లగా, తర్వాత ఇంట్లో టీవీని కొట్టినట్టే ఫట్ ఫట్ మని. ఇంకో కొబ్బరికాయ కొట్టి స్విచ్ వేసినాడు. ఊహూఁ. సర్వీసాయనకు ఫోను చేస్తే "హబ్బ సార్, నాళిద్దు" అన్నాడంట. పండగ, ఎల్లుండి వస్తా అని.

ఈలోగా జనం వచ్చేసినారు. పండగపూట కదా, బుట్టలు నింపుకొని వరసగా నిలబడినారు. అందరికంటే ముందున్నామె బుట్ట కౌంటర్ మీద పెట్టింది. ఓనరు మానిటర్ వెనకాల వంగి వైర్లు చూస్తా ఉన్నాడు. చెల్లి అలవాటు కొద్దీ ఒక సబ్బు తీసి ఎర్ర లైటుకు చూపించింది. బీప్ అనింది. నేను వెనక గది గడప మీద నిలబడి ఉంటి, నాకు కూడా వినపడింది. చెల్లి స్క్రీన్ వైపు చూసింది. నల్లగా ఉంది. అయినా దాని వేళ్ళు రోజూ నొక్కే మీటలు నొక్కేసినాయి. ప్రింటర్ గరగరమని కాగితం కక్కింది.

ఓనరు అదిరిపడి లేచి, దాని చెయ్యి పట్టి లాగి పారేసినాడు.

"ముట్టుకోవద్దు! ఉండేది కాస్తా కాలిపోతాది, ముట్టుకోవద్దు!"

ఆ అరుపు దానికి వినపడలేదు. అరిచే నోరు కనపడింది. తన వైపు తిరిగిన ఇన్ని మొహాలు కనపడినాయి. చెయ్యి రొమ్ముకు అదుముకొని అట్లే నిలబడిపోయింది. ఒకాయన ఓపిక చాలక ఏదో అడిగినాడు, ఇది పలకలేదు. "కివి కేళల్వా?" అని గదమాయించినాడు, చెవులు వినపడవా అని. నాకు ఒళ్ళు మండిపోయింది. పరిగెత్తుకొని వచ్చి, "వినపడవు సార్! నిజంగానే వినపడవు! ఏం చేయమంటారు?" అని అరిచినా. పాపం ఆయన మొహం మాడిపోయింది. క్యూలో ఉన్నవాళ్ళందరూ మా చెల్లిని జాలిగా చూసినారు. ఆ జాలి చూపు దానికి పుట్టినప్పటి నుంచి తెలుసు. కోటు గుండీలు అదే విప్పేసుకొని వెనక గదిలోకి పోయింది.

ఓనరు ఇంటికి కబురు పెట్టి బావమరిదిని పిలిపించి, క్యాలిక్యులేటర్ ఇచ్చి కూచోబెట్టినాడు. బావమరిది నోరు మంచి గట్టిది. ర్యాకుల దగ్గరుండే వాళ్ళను "ఆ నూనె ప్యాకెట్ ఎంత? ఆ బిస్కట్లెంత?" అని అరిచి అడుగుతా, నవ్విస్తా, ఎట్లనో నెట్టుకొచ్చేసినాడు.

సర్వీసాయన చెప్పినట్టే మూడో రోజు వచ్చినాడు. సంచి కింద పెట్టినాడు గానీ అందులోంచి స్క్రూడ్రైవర్ కూడా తీయలేదు. మానిటర్ కింది అంచు లోపలికి బొటనవేలు పోనిచ్చి ఏదో తిప్పినాడు. స్క్రీన్ వచ్చేసింది! వెలుతురు ఎక్కువ తక్కువ చేసే సన్నటి చక్రం ఒకటి ఆ అంచు కింద ఉండాదంట. అది పూర్తిగా తగ్గిపోయి ఉన్నింది, అంతే. మిషన్‌కు ఏ రోగమూ లేదు. ఆయన బొటనవేలికి అంటిన గంధం చూసుకొని, "పూజ జోరా, సార్?" అని నవ్వినాడు.

అక్కడ ఉన్నవాళ్ళందరికీ అర్థమైంది. నా నోరు ఊరుకుంటాదా?

"మీరే కదా సార్ తుడిచింది" అన్నా.

ఆయనకు కోపం వచ్చింది. "దేవుడి గంధం తుడిస్తే పాడవుతుందా? మీ చెల్లి ఏవేవో మీటలు నొక్కింది, చూడలేదా?" అన్నాడు. మీటలకూ చక్రానికీ ఏం సంబంధం అని నేను ఎగరబోయినా. అంతలో ఆయనే చల్లబడి, నన్ను పక్కకు పిలిచి మెల్లగా చెప్పినాడు.

"అది కాదమ్మా. ఇయ్యాల చక్రం, రేపు ఇంకోటి. మిషన్ ఆగితే మావాడు నోటితో నెట్టుకొస్తాడు. మీ చెల్లి ఏం చేస్తుందో నువ్వే చెప్పు."

మిషనే మాట్లాడతాది అని ఆయనకు చెప్పింది నేనే. ఇప్పుడేం చెప్పేది? ఆయన కసిరి ఉన్నా బాగుండేది, కాలు పట్టుకొని ఉందును. జాలిపడి మాట్లాడినాడు, దాని మీద ఇంక మాట లేకుండా పోయింది.

ఇంటికి పోయి దానికి చెప్పాల. మా ఇద్దరి మధ్య ఉండేవి మేము కల్పించుకున్న సైగలే. మిషన్‌కు ఉండాది, బాగుపడిందానికి ఉండాది, చెడిందానికి ఉండాది, ఓనరుకు మీసం దువ్వే సైగ ఉండాది. "ఒకవేళ" అనేదానికి లేదు. "ఎప్పుడైనా మళ్ళీ చెడితే" అనేదానికి లేదు. మా బతుకులో అంతవరకూ ఆ మాటల అవసరమే రాలేదు. ఉన్న సైగలతోనే చెప్పినా. మిషన్ బాగైంది. నువ్వు వద్దు.

అది తన కుడిచెయ్యి చూసుకొనింది. ఓనరు పట్టి లాగిన చెయ్యి అది. దాన్ని నా మొహం ముందర పెట్టి, ఇదా, అని అడిగింది.

కాదే! కాదే నా తల్లీ! తల విదిలించి విదిలించి చెప్పినా. మీసం సైగ చేసి, తుడిచే సైగ చేసి, ఆయనే చేసినాడు, నువ్వు కాదు అని చెప్పినా. నమ్మలేదు. టీవీ దగ్గరికి లాక్కొని పోయి, ఇంతే అయింది చూడు అని వెలుతురు తగ్గించి చూపించబోయినా. బొమ్మ మసకబడిందో లేదో, హడలిపోయి నా చెయ్యి పట్టి అవతలికి లాగి పారేసింది.

ఆ తర్వాత అమ్మ వచ్చి దాన్ని ఆనేకల్లుకు తీసుకుపోయింది. అక్కడ కండెలు చుట్టేదానికి కూడా కరెంటు మోటరు పెట్టేసినారు. ఇది మోటరు స్విచ్ వేయదు. కసిరినా వేయదు, బతిమాలినా వేయదు. అమ్మ మళ్ళీ నా దగ్గరే దిగబెట్టి పోయింది. ఆ గోడ కూడా దక్కలేదు దానికి.

మా ఇంట్లో కూడా అంతే. మిక్సీ ముట్టదు, టీవీ ముట్టదు. ఎండాకాలం చెమటలు కారతా ఉన్నా ఫ్యాను వేసుకోదు. నేను వేరే అంగడిలో పనికి పోతా ఉన్నా. సాయంత్రం వచ్చేసరికి మా గది చీకటిగా ఉంటాది, పక్కింటివాళ్ళు ఎవరూ లేరనుకొని మా గడప ముందరి పాల ప్యాకెట్ తీసుకుపోతారు. తలుపు తెరిస్తే లోపల చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకొని కూచొని ఉంటాది. చెవులు లేనిదానికి చీకటైతే ఇంకేం మిగులుతాది, చెప్పండి? నేను లైటు వేస్తే లేచి వచ్చి నన్ను పట్టుకుంటాది. ఇన్నేళ్ళయినా నేను పట్టు వదల్లేదు. దాని చెయ్యి పట్టుకొని, నువ్వే వెయ్యి అని స్విచ్ దాకా తీసుకుపోతా. అక్కడికి పోయేసరికి పిడికిలి బిగించేస్తాది.