పోతయ్య కోసిన వల

పోతయ్యకు కోపం రాదని నాగాయలంక దిగువ ఊళ్ళలో ఒకప్పుడు పేరు. ఇప్పుడా మాటంటే పక్కవాళ్ళు నవ్వుతారు. అరవై ఏళ్ళుగా మింగిన కోపమంతా ఒక్క మధ్యాహ్నం బందరులో బయటికొచ్చింది మరి. రాదూ!

నీళ్ళ మీద దిగి, నీళ్ళ మీద నుంచే లేచే మిలటరీ విమానమొకటి పోయిన మాఘంలో కృష్ణ సముద్రంలో కలిసేచోట ట్రయల్‌కి వచ్చింది. ఆ నాలుగు రోజులూ వలలు వెయ్యొద్దన్నారు. ఎవరూ వెయ్యలేదు. పోతయ్య మాత్రం విమానం లేచే ఉదయం వెళ్ళి, ఒడ్డున నిలబడ్డ ఆఫీసరుకు చేతులు జోడించాడు.

"అయ్యా, తుఫాను తర్వాత ఇసుక మేట ఇటు జరిగిందండీ. ఇప్పుడు నీళ్ళు వెనక్కి తీస్తున్నాయి. పోటెక్కాక లేపండి."

తాసిల్దారాఫీసు గుమాస్తా సాయికిరణ్ ఆ మాట ఇంగ్లీషులో చెప్పాడు. ఆఫీసరు మ్యాప్ చూపించి, ఇక్కడ ఇరవై అడుగుల లోతుందన్నాడు. ఏనాటి మ్యాపో! కృష్ణమ్మ మ్యాప్ చూసుకుని పారుతుందా?

విమానం పరుగందుకుంది. ఇంకాస్తలో లేస్తుందనగా దాని అడుగుభాగం ఇసుక మేటకు కొట్టుకుని, ముక్కు నీళ్ళలో దిగబడి బోల్తా పడింది. ఒడ్డునున్నవాళ్ళు ఫోన్లు చేసుకుంటుంటే పోతయ్య పడవ తీశాడు. ఇద్దరిని చంకల కింద చెయ్యేసి పైకి లాగాడు. మూడోవాడు మునిగిపోయాడు. పడవలో మడిచి ఉన్న వల విసిరి పైకి తెచ్చేసరికి ఊపిరి లేదు. పాతికేళ్ళు కూడా ఉండవు వాడికి.

పోతయ్య ఇంట్లో తాతలనాటి పట్టింపు ఒకటుంది. శవాన్ని తాకిన వలతో మళ్ళీ చేప పట్టరు. ఆ సాయంత్రం అతని భార్య ముత్యాలమ్మ తన పాత చీర చెంగు చింపి, పసుపులో ముంచి, గుప్పెడు బియ్యం మూటకట్టి వలకు ముడేసింది. పోతయ్య వలను కత్తితో రెండుగా కోసి, పిల్లాడు పోయినచోటే నీళ్ళలో వదిలాడు.

"ఏ తల్లి కన్నదో! ఆకలితో పోకు నాయనా" అని ముత్యాలమ్మ ఏడ్చింది.

ఆ వల వదలడమే కొంప ముంచింది. వారం తిరక్కుండా విమానం ముక్కల దగ్గర ఆ వల దొరికింది. అది తేలడానికి కట్టిన బెండ్ల మీద పోతయ్య పడవ నంబరుంది. మిలటరీవాళ్ళు పడవ పట్టుకుపోయి, అతన్ని బందరు పిలిపించి ఒక కాగితం ముందు పెట్టారు. వద్దన్నా వల వేశాననీ, దానికి చిక్కుకునే విమానం పడిందనీ అందులో రాసి ఉంది. సంతకం పెడితే పడవ ఇచ్చేస్తారట!

"పెట్టెయ్ బాబాయ్, పీడా పోద్ది" అన్నాడు సాయికిరణ్ మెల్లిగా.

"పెడితే ఆ పిల్లాణ్ణి చంపింది నేనవుతానురా!"

పోతయ్య బల్ల మీదున్న వల లాక్కుని, పసుపు మూట విప్పి కుళ్ళిన బియ్యం ఆఫీసరు ముందు గుమ్మరించాడు.

"ఇదేంటో చెప్పరా ఆయనకి! చచ్చినోడికి కట్టిన బియ్యం! వాడు చావకముందే కట్టి వల వేశామా? నా మాట వినలేదు, సరే. ఆ తల్లి కడుపుకోత నా నెత్తిన రాస్తారా? సిగ్గు లేదూ!"

సాయికిరణ్ ఒక్క ముక్క వదలకుండా చెప్పాడు. ఆఫీసరు మొహం మాడ్చుకున్నాడు. బియ్యం సంగతి రాయడానికి ఫారంలో చోటు లేదన్నాడు. పోతయ్య సంతకం పెట్టలేదు. పడవ రాలేదు.

తొమ్మిది నెలలు పరాయి పడవల మీద కూలికి వెళ్ళాడు. టీ కొట్టు దగ్గర ఎవడో "విమానం పడేసిన పోతయ్య" అన్నందుకు గ్లాసు విసిరికొట్టాడు.

కార్తీకంలో సాయికిరణ్ తల వంచుకుని ఇంటికొచ్చాడు. "మళ్ళీ ట్రయల్ అంట బాబాయ్. మేట ఎక్కడుందో నిన్ను చూపించమంటున్నారు."

"ఏ మొహం పెట్టుకుని అడుగుతున్నార్రా?" అని ముత్యాలమ్మ లేచింది.

పోతయ్య ఆమెను చేత్తో వారించాడు. కాదంటే మళ్ళీ ఎవరి బిడ్డో పోతాడు. కాదనలేడని తెలిసే అడిగారు, అందుకు మరీ ఒళ్ళు మండింది.

"చూపిస్తాను. నా పడవలోనే వస్తాను. ముందు దాన్ని తెచ్చి ఈ రేవులో కట్టమను. ఆ కాగితం తెచ్చి నా కళ్ళముందు చింపమను."

సాయికిరణ్ ఫోన్ తీశాడు.

"ఉన్నదున్నట్టు చెప్పు" అన్నాడు పోతయ్య. "సార్ అని మాత్రం కలపొద్దు."