చెవి పెంచలమ్మది, కార్డు బాబాది

అరబ్బు దేశంలోని ఘుబ్రాలో, ఆ రెండంతస్తుల ఇంట్లో పెంచలమ్మను పదకొండేళ్లుగా అందరూ ‘రాణి’ అని పిలుస్తున్నారు. అసలు పేరు పలకడానికి నోరు తిరగలేదట! పనికి చేరిన రెండో రోజే ఇంటి కోడలు నాదియా ఆ పేరు పెట్టేసింది, పిల్లిపిల్లకు పెట్టినట్టు. రాజంపేట పక్క పల్లెలో, పెంచలకోన స్వామికి మొక్కుకుంటే కలిగిన బిడ్డ అని అమ్మానాన్నలు పెట్టుకున్న పేరు అది. పొట్టకూటికి వచ్చినచోట పేరు కోసం పోట్లాడతామా అని అప్పట్లో ఊరుకుంది. అలా ఊరుకున్నందుకు ఇప్పుడు తనను తనే తిట్టుకుంటుంది.

ఇంటి పెద్దాయన హమూద్. అందరికీ బాబా. ఓడల్లో వైర్‌లెస్ ఆపరేటరుగా పనిచేసి రిటైరయ్యాడు. మేడమీది గదిలో ఆయనకో హామ్ రేడియో ఉంది. లైసెన్సు ఉన్నవాళ్లు దేశదేశాల వాళ్లతో మాట్లాడుకునే సెట్టు అది. బాబాకు మాటల మీద మోజు ఎప్పుడో తీరిపోయింది. ఆ సెట్టులో ఏ.ఎం. స్టేషన్లు వెతుక్కుని వినడమే ఇప్పుడాయన పిచ్చి. పగలంతా గుర్రుమని ఊరుకునే మీడియం వేవ్, పొద్దుగూకాక చేసే మగ్రిబ్ నమాజు ముగిసేసరికి సముద్రం అవతలి గొంతులను పట్టి తెస్తుంది. ఏ రోజు, ఎన్ని గంటలకు, ఏ కార్యక్రమం, ఎంత స్పష్టంగా విన్నాడో రాసి ఆయన ఆ స్టేషనుకు పంపుతాడు. వాళ్లు సరిచూసుకుని, నిజమే విన్నావంటూ ఒక కార్డు పంపుతారు. గోడ నిండా ఆ కార్డులే. అయితే కార్యక్రమంలో ఏం చెప్పారో రాయకపోతే కార్డు రాదు.

అదిగో, అక్కడే పెంచలమ్మ అవసరం పడింది. ఆరేళ్ల కిందట చాయ్ కప్పుతో మేడెక్కిన మనిషి గుమ్మంలోనే నిలబడిపోయింది. సెట్టులోంచి కడప రేడియో వినబడుతోంది. చీనీ తోటలకు పట్టే తెగులు గురించి ఎవరో రైతుకు చెబుతున్నారు. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. బాబాకు కనబడింది మాత్రం ఆ నీళ్లు కాదు. “క్యా బోల్తా? ఏమంటున్నాడు వీడు?” అంటూ కాగితం లాక్కున్నాడు. ఆమె తనకొచ్చిన హిందీలో చెప్పింది, ఆయన ఇంగ్లీషులో రాసుకున్నాడు. ఆనాటి నుంచి వంట, బట్టలు, పిల్లల పని అయ్యాక ఇదొక డ్యూటీ. కడప, విజయవాడ, హైదరాబాదు, ఏ స్టేషనైనా ఆ గరగరలోంచి మాటలను బియ్యంలో రాళ్లు ఏరినట్టు ఏరేది ఆమె. గాలివానకు డాబామీద ఏరియల్ తీగ తెగితే నిచ్చెనెక్కి కట్టింది ఆమె. కార్డులు మాత్రం హమూద్ పేరున వచ్చేవి. సొమ్మొకడిది సోకొకడిది అంటే మరేమిటి?

పోయిన డిసెంబరులో రేడియో క్లబ్బు పెద్దమనుషులు నలుగురు ఇంటికొచ్చారు. పెంచలమ్మ ఖర్జూరాల పళ్లెం పెట్టి కహ్వా కాఫీ పోస్తోంది. బాబా గోడకేసి చూపిస్తూ, “ఈ తెలుగు స్టేషన్లన్నీ నా చెవితో పట్టినవే. భాష రాకపోతేనేం, వినగా వినగా అదే తెలుస్తుంది” అన్నాడు. వాళ్లు మాషా అల్లా అంటూ తలలూపారు. పదకొండేళ్లలో ఆపాటి అరబ్బీ అర్థం కాకుండా పోదు. పెంచలమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. కహ్వా కూజా అక్కడే పెట్టేసి వంటింట్లోకి వెళ్లిపోయింది.

మర్నాడు ప్రహరీ దగ్గర పక్కింట్లో పనిచేసే హసీనా కనబడింది. ఆమెది ప్రొద్దుటూరు.

“ఆయప్ప చెవంట! ఇన్నేది నేను, చెప్పేది నేను, చెవి మాత్రం ఆయప్పదంట!” అని పెంచలమ్మ నిప్పులు చెరిగింది.

“అట్టముక్క కోసరం రచ్చ జేస్కుంటావా అక్కా? మంచిగ జూస్కుంటాండారు గదా. నోరు మూస్కోని ఉండు.”

“ఆరేండ్లు మూస్కోనే ఉండా. కసువు ఊడ్సేదానికి నా పేరు ఎయ్యమని అడిగితినా? అంట్లు తోమేదానికి అడిగితినా? ఇది ఆయప్పకు రాని పని. ఈ ఇంట్లో నా ఒక్కదానికే వచ్చిన పని. దీనికన్నా నా పేరు పెట్టల్లనా, వద్దా?”



ఆ సాయంత్రం కడప రేడియో గలగలమంటోంది. బాబా కలం పట్టుకుని, “ఏమంటున్నాడు, రాణీ?” అన్నాడు.

“మాఫీ మాలూమ్, బాబా.” తెలియదంది.

పది రోజులు అదే మాట. బాబా కసిరాడు, తరవాత బుజ్జగించాడు. కొత్త సెల్‌ఫోను కొనిపెడతానన్నాడు.  పదకొండో రోజున విసిగిపోయి, “ఏం కావాలి నీకు?” అని అడిగాడు.

“కార్డు మీద నా పేరు.”

బాబా గోడవైపు చూశాడు, ఆమెవైపు చూశాడు. “నీ పేరేమిటి?” అన్నాడు.

ఆరేళ్లు పక్కన కూర్చోబెట్టుకుని చెవులు వాడుకున్న మనిషి, పేరేమిటని అడుగుతున్నాడు! పెంచలమ్మ ఆయన చేతిలోంచి కలం తీసుకుంది. ఐదో తరగతి చదువుతో, ఆ పూట విన్నదంతా తెలుగులో రాసింది. అడుగున పేరు రాసింది. ఆయన టైమూ అంకెలూ వేసి, కవరు మీద పంపేవారి చిరునామాతో పాటు, ఆ పేరును ఆమెను అడిగి ఇంగ్లీషులో రాసి పోస్టు చేశాడు.

జనవరి గడిచింది. ఫిబ్రవరి సగమైంది. ఒక శుక్రవారం మధ్యాహ్నం అందరూ భోజనాలకు కూర్చున్నారు. ఇంటి పోస్టుబాక్సు తాళం నాదియా దగ్గరే ఉంటుంది. ఆవిడ నవ్వుతూ మొగుడితో అంది: “నిన్న మన బాక్సులో ఎవరో ఇండియా ఆవిడ ఉత్తరం పడింది. పలకడానికే రాని పేరు. అలాంటివాళ్లు మన ఇంట్లో లేరని కౌంటర్లో తిరిగిచ్చేశాను.”

బాబా చేతిలో ముద్ద ఆగిపోయింది. మరుక్షణం తలొంచుకుని దాన్ని నోట్లో పెట్టుకున్నాడు.

అన్నం వడ్డిస్తున్న పెంచలమ్మ గరిటె పెట్టేసి తన గదిలోకి వెళ్లింది. లేరట! పదకొండేళ్లు వీళ్ల పిల్లల ముక్కులు తుడిచిన మనిషి ఈ ఇంట్లో లేదట! పెట్టెలోంచి బతాకా, అదే ప్రభుత్వం ఇచ్చిన గుర్తింపు కార్డు, తీసుకొచ్చి నాదియా కంచం పక్కన పెట్టింది.

“చదవండి, మామా” అంది, అక్కడ పనివాళ్లు యజమానురాలిని పిలిచే పిలుపుతో.

నాదియా చదివింది. ముఖం కందిపోయింది.

“పోస్టాఫీసు తెరవగానే నన్ను తీసుకెళ్లండి” అంది పెంచలమ్మ. సెలవడిగినట్టు అనలేదు.

తిరిగి పంపాల్సిన కట్టలో ఉత్తరం ఇంకా అక్కడే ఉంది. కౌంటరు మనిషి బతాకాతో కవరు సరిచూసి, “ఎవరీమె?” అని నాదియాను అడిగాడు. నాదియా నోరు తెరిచేలోపే పెంచలమ్మ “నేనే” అని చెయ్యి చాపింది.

కార్డు తెలుగులో ఉంది. పేరు పక్కన ‘గారు’ కూడా ఉంది.

కారెక్కాక నాదియా, “రాణీ, బెల్టు పెట్టుకో” అంది. పెంచలమ్మ కార్డు చదువుకుంటోంది. “రాణీ!” గొంతు పెరిగింది. పెంచలమ్మ కదల్లేదు. వెనక బండివాడు హారన్ కొట్టాడు, మళ్లీ కొట్టాడు. నాదియా స్టీరింగు పట్టుకుని, కూడబలుక్కుంటూ, అరబ్బీలో లేని ‘ప’ పలకలేక, “బెం... చ... లమ్మా” అంది.

“ఆఁ, చెప్పండి” అంటూ పెంచలమ్మ బెల్టు లాక్కుంది.