చిన్నమ్మ కొన్న పొడుగు గొలుసు

మొన్న సోమవారం పొద్దున పిల్లల టిఫిన్ డబ్బాలు సర్దుతుంటే తమ్ముడి ఫోన్ వచ్చింది. మా చిన్నమ్మ కొడుకు వాడు. "అక్కా, అమ్మ పోయిందే" అన్నాడు. తెల్లవారుతుండగా ఛాతీ పట్టేసిందట. కారు మాట్లాడుకొని వచ్చేలోపే ప్రాణం పోయింది. ఏళ్ల తరబడి దవాఖానలో ఎందరినో చెయ్యి పట్టి నడిపించిన మనిషి, తన కోసం ఒక్కరోజైనా అక్కడి మంచం ఎక్కకుండానే వెళ్లిపోయింది.

మా అమ్మకు చెల్లెలు ఆమె. ఇబ్రహీంపట్నం పక్కనున్న పల్లెలో ఇల్లు. సాగర్ రోడ్డు మీద ఒక ప్రైవేటు దవాఖానలో ఆయా ఉద్యోగం. ముసలివాళ్లెవరైనా ఆమెకు బాపు, లేదంటే అవ్వ. చాయ్ సాసర్లో పోసుకొని, చల్లారాక కూడా ఊదుకుంటూ తాగేది. ఎవరు ఏడుస్తూ వచ్చినా ఒకటే మాట: "జర ఆగు. ఊపిరి పీల్చుకో. అప్పుడు చెప్పు." నా పెళ్లినాడు అప్పగింతలప్పుడూ నాకు అదే చెప్పింది. ఊపిరి పీల్చుకున్నాక చెప్పడానికి నా దగ్గర ఏమీ మిగల్లేదు, నవ్వొచ్చింది.

నలభై దాటాక సైకిల్ నేర్చుకుంది చిన్నమ్మ. వాళ్ల ఊరికి పొద్దున పూట బస్సు లేదు. ఆటో నిండితే గానీ కదలదు. "ఆటో నిండేదాక కూసుంటే నా డ్యూటీ అయిపోతది" అని, ఆదివారాలు బడి మైదానంలో నేర్చుకుంది. వెనక సీటు పట్టుకొని పరుగెత్తింది నేనే. ఒకసారి నేను వదిలేసిన సంగతి తెలియక చాలా దూరం పోయి, వెనక్కి తిరిగి చూసి, దబ్బున పడింది. మట్టిలో పడుకొనే అరిచింది: "ఇడిసినప్పుడు ఇడిసిన అని చెప్పొద్దే, పడ్డంక చెప్పు!"

అప్పటినుంచి ఇబ్రహీంపట్నం బస్టాండు దాకా సైకిల్, అక్కడినుంచి బస్సు. ఆడవాళ్లకు బస్సు ప్రయాణం ఉచితం చేశాక చుట్టుపక్కల ఊళ్ల అమ్మాయిలు కూడా అట్లాగే కాలేజీలకు వెళ్లడం మొదలుపెట్టారు. బస్టాండు వెనక గోడ పక్కన వాళ్ల సైకిళ్ల వరుసలో చిన్నమ్మ సైకిల్ కూడా ఉండేది. పొద్దున బస్సు ఎక్కేముందు వాళ్ల జడలు సరిచేసేది, ఎవరైనా తినకుండా వస్తే తన డబ్బా విప్పేది.

ఒకరోజు సాయంత్రం బస్సు దిగి వచ్చేసరికి రెండు సైకిళ్లు లేవు. ఒకటి చిన్నమ్మది, ఇంకొకటి ఇంటర్ రెండో ఏడు చదువుతున్న ఒక అమ్మాయిది. రెండింటికీ వెనక చక్రానికి రింగు తాళం వేసే పెట్టారు. చాయ్ హోటల్ ఆయన తల కొట్టుకున్నాడు. "తాళమేస్తే చక్రం తిరగదు గంతే అక్కా. ఆటోల ఏసుకపోయేటోనికి చక్రం తిరిగితేంది, తిరగకుంటేంది?"

చిన్నమ్మ ఇంట్లో గొడవ మొదలైంది. "ఇగ సైకిల్ లేదు, ఏం లేదు. నౌకరీ బందు పెట్టు" అన్నాడు తమ్ముడు. ఆ అమ్మాయి ఇంట్లో ఇంకా పెద్ద గొడవ. తండ్రి చదువే మానిపిస్తానన్నాడట. ఆ సంగతి తెలిశాక చిన్నమ్మ తన సైకిల్ గురించి మాట్లాడటం మానేసింది. మరుసటి ఆదివారం బడంగ్‌పేట్‌లో ఉన్న నాకు ఫోన్ చేసి, "బిడ్డా, జర రా. తాళం కొనాలె" అంది.

"సైకిలేది చిన్నమ్మా?"

"సైకిల్ తర్వాత సంగతి. ముందు తాళం దొరికితే గద సైకిల్ నిలిచేది!"

ఇబ్రహీంపట్నంలో సైకిల్ దుకాణం ముందు చాలాసేపు నిలబడ్డాం. దుకాణం భాయ్ ఓపికగా ఒక్కొక్కటీ తీసి చూపించాడు. ప్లాస్టిక్ తొడుగున్న తీగ తాళాన్ని చిన్నమ్మ రెండు చేతులా వంచి చూసి పక్కన పెట్టింది. అంకెలు తిప్పే తాళం నాకు నచ్చింది. "పేషెంట్ల మంచం నంబర్లే నా తలకాయ నిండున్నయి, ఇంకో నంబర్ ఏడ పెట్టుకోవాలె?" అంది. తర్వాత భాయ్ గుర్రపు నాడా ఆకారంలో ఉన్న బరువైన ఇనుప తాళం తీశాడు.

"దీన్ని కొయ్యాలంటే దొంగకు మస్తు టైం పడ్తది అమ్మా."

చిన్నమ్మ దాన్ని ఎత్తి, మూరతో కొలిచినట్టు చూసింది. "మంచిగనే ఉంది భాయ్. కని గోడ పక్కన ఇనుప పైపుంది. ఆ పైపు, నా సైకిల్, ఇంకో సైకిల్, మూడు దీంట్ల పడ్తయా?"

"పడయి. గట్లయితే గొలుసు తీస్కో. పక్క ఇనుప సామాన్ల దుకాణంల ఎంత పొడుగంటే అంత కోసిస్తరు. తాళంకప్ప మాత్రం సన్నది తీస్కోకు. గొలుసెంత లావుంటే ఏం ఫాయిదా, కప్ప సన్నగుంటే దాన్నే కోస్తరు."

చేతి వేలంత లావు కడ్డీల గొలుసు, దానికి తగ్గ తాళంకప్ప కొన్నాం. కాళ్లు నొప్పి పుట్టి నేను మెట్టు మీద కూర్చుంటే, చిన్నమ్మ ఆ గొలుసును భుజాన వేసుకొని బజారంతా నవ్వుతూ నడిచింది. "ఏనుగును కట్టేస్తవా చిన్నమ్మా?" అంటే, "ఏనుగును ఎవడెత్కపోతడే, సైకిల్ కే భయం" అంది.

అటునుంచి అటే ఆ అమ్మాయి ఇంటికి తీసుకెళ్లింది. తండ్రి మంచం మీద కూర్చొని ఉన్నాడు, లేవలేదు. అమ్మాయి గుమ్మం వెనక నిలబడింది. చిన్నమ్మ గొలుసును వాకిట్లో పరిచింది.

"అన్నా, సూడు. నేను ఇంకో సైకిల్ తెచ్చుకుంటున్న. నీ బిడ్డ సైకిల్ నా సైకిల్ తోటే కట్టేస్త. పోతే రెండు పోవాలె."

"మల్ల పోతే?"

"పోతే నేను నడుస్త, నా తోటి నీ బిడ్డ నడుస్తది. సదువు మాత్రం బందు పెట్టకు."

ఆయన వంగి గొలుసును చూశాడు. కాలితో ఒకసారి కదిపాడు. "మా బామ్మర్ది దగ్గర పాత సైకిలుంది, అడిగి సూస్త" అన్నాడు చివరికి. గుమ్మం వెనకనుంచి ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది. చిన్నమ్మ అటు తిరిగి, "జర ఆగు, ఊపిరి పీల్చుకో" అంది.

ఆ గొలుసు ఇక బస్టాండు వెనక పైపుకే ఉండిపోయింది. మొదట్లో రెండు సైకిళ్లు. తర్వాత ఇంకో ఇద్దరమ్మాయిలు, "ఆంటీ, మావి కూడా పడ్తయా?" అని అడిగారు. తాను ఆలస్యంగా వచ్చే రోజుల్లో వాళ్లు ఆగిపోకూడదని చిన్నమ్మ అందరికీ తాళంచెవులు చేయించింది. ఒకసారి గొలుసు కడ్డీ మీద రంపం గీతలు కనబడితే అమ్మాయిలు హడలిపోయి ఆమెకు ఫోన్ చేశారు. చిన్నమ్మ వచ్చి ఆ గీతలను వేలితో తడిమి చూసింది. "పాపం, చేతులు నొచ్చినయి కావచ్చు" అంది. అందరూ నవ్వారు, భయం పోయింది. ఆ తర్వాత అక్కడ సైకిల్ పోలేదు.

మొదట చిన్నమ్మతోపాటు సైకిల్ పోగొట్టుకున్న ఆ అమ్మాయి ఇంటర్ పాసై, ల్యాబ్ కోర్సు చదివి, ఇప్పుడు చిన్నమ్మ పనిచేసిన దవాఖానలోనే రక్త పరీక్షలు చేస్తోంది. సోమవారం తండ్రిని వెంటబెట్టుకొని వచ్చింది. ఆయన చిన్నమ్మ కాళ్ల దగ్గర కూర్చొని, ఎవరూ అడగకుండానే, "ఆ రోజు నేను మంచం మీదికెళ్లి లేవలే, అయినా చెల్లె కోపం చెయ్యలే" అన్నాడు. తమ్ముడు ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. నౌకరీ మానమన్న తమ్ముడే ఆ తర్వాత ప్రతి ఆదివారం అమ్మ సైకిల్‌కు గాలి కొట్టి, నూనె వేసి పెట్టేవాడని నాకు అప్పుడే తెలిసింది.

నేను ఆమెను ఆఖరిసారి చూసింది పోయిన నెల, బస్సు కిటికీలోంచి. ముసురు పట్టి అప్పుడే తెరిపిచ్చింది. రోడ్డు పక్కన చిన్నమ్మ సైకిల్ మీద ఇంటికి పోతోంది. కొంగు నడుముకు చెక్కుకుంది, నెత్తిమీద చక్కెర సంచీ ప్లాస్టిక్ కవరు టోపీలా పెట్టుకుంది. పక్కన ఎవరూ లేరు. ఏం గుర్తొచ్చిందో ఏమో, తనలో తాను నవ్వుకుంటోంది. పిలుద్దామని కిటికీ అద్దం జరిపేలోపు బస్సు ముందుకు వెళ్లిపోయింది. వెనక్కి తిరిగి చూశాను. తడి రోడ్డు మీద, ఎవరి తొందరా తనకు పట్టనట్టు, నెమ్మదిగా తొక్కుతూ, ఇంకా నవ్వుతూనే ఉంది.