తొట్టిలో గుంటుక

భూమి గురించి రాఘవేందర్‌కు తెలిసినంత భూమికి కూడా తెలియదు. పెబ్బేరులో ఎరువుల దుకాణం పెట్టిన నాటి నుంచి "తెల్వదు" అన్న మాట ఆయన నోట ఎవరూ వినలేదు. రైతు వాడిపోయిన మొక్కను పట్టుకొని వస్తే చాలు, మొక్కవైపు చూడకుండానే మందు డబ్బా తీసి ఇచ్చేవాడు. ఆ మందు పనిచేయకపోతే, "నేను చెప్పినట్టు చేసుండవు" అనేవాడు. ఎంత చక్కని వైద్యం! తప్పు ఎప్పుడూ రోగిదే.

ఇంతటి జ్ఞానిని ఏ సలహా అడగనిది ఊరు మొత్తంలో ఆయన భార్య శ్రీవాణి ఒక్కతే. సముద్రం మొహమైనా చూడని ఆ ఊళ్లో, ఆమె హాల్లో అద్దాల తొట్టి పెట్టి, హైదరాబాద్ నుంచి తెప్పించిన ఉప్పుతో సముద్రాన్ని కలుపుకుంది. అడుగున జానెడు మందం తెల్ల ఇసుక. అందులో ఎనిమోన్ అనే జీవి. చూడ్డానికి పువ్వు, నిజానికి ప్రాణి. ఇసుకలో కాలు దించుకొని రెమ్మలు ఆడిస్తుంది. ఆ రెమ్మల నడుమే నారింజ రంగు చేపల జంట కాపురం. కరెంటు పోతే శ్రీవాణి తొట్టి పక్క నుంచి కదిలేది కాదు. తనకు జ్వరమొచ్చినప్పుడు కూడా ఇంత సేవ జరగలేదని రాఘవేందర్ బాధ.

శ్రీరంగాపూర్‌లో చెల్లెలింటి శుభకార్యానికి పోతూ ఆమె ఒకటే చెప్పింది.

"ఇసుకను ముట్టకు. పైపైన నత్తలు సాపు చేసుకుంటయి. కిందిది కదిలియ్యకు, చెడుగాలి ఉంటది."

"ఏందే, ఇసుక గురించి నాకు చెప్తున్నవా?"

"నీకే చెప్తున్న."

మర్నాడు ఇసుక మీద గోధుమరంగు పొర కనబడింది. రాఘవేందర్ ఒక్క చూపులో రోగం పట్టేశాడు. నేల గట్టిపడింది! విత్తే ముందు గుంటుక తోలి గుల్లచేయని చేను కూడా ఒక చేనేనా? శ్రీవాణి తిరిగొచ్చి, మెరిసే ఇసుకను చూసి, "మంచిగ చేసినవ్" అనాలి. పెళ్లయిన నాటి నుంచి ఆ ఒక్క మాట కోసం ఆయన మొహం వాచి ఉన్నాడు. వంటింట్లోంచి అట్లకాడ తెచ్చి, సాలు తప్పకుండా, తొట్టి అడుగంటా తిరగేశాడు.

కింది ఇసుక నల్లగా పైకి లేచింది. కుళ్లిన గుడ్ల కంపు హాలంతా నిండింది. పువ్వు ముడుచుకుంది. దున్నిన చేనుకు వాసన రాదా ఏమిటని తనకు తానే సర్దిచెప్పుకొని ఆయన దుకాణానికి వెళ్లిపోయాడు.

శ్రీవాణి వచ్చేసరికి ఎనిమోన్ జిగురుముద్దలా పడి ఉంది. ఆమె కొనప్రాణంతో ఉన్న చేపలను బకెట్లోకి తీసి, నీళ్లు మార్చి, అప్పుడు అంది.

"నేను చెప్పినట్టు చెయ్యలే గదా."

ఆ మాట ఆయన ఎంతమంది రైతులతో అన్నాడో లెక్కలేదు. అది నిజం కావడం మాత్రం ఇదే మొదటిసారి. చేపలు బతికాయి. తిరిగి తొట్టిలో వేశాక, చచ్చిన పువ్వు ఒకప్పుడు ఉన్న చోటే, ఖాళీ ఇసుక మీద తిరుగుతున్నాయి. రాఘవేందర్‌కు ఏడుపొచ్చింది. చేపలను చూసి ఏడ్చాడంటే బజారులో పరువేం కావాలని మింగేశాడు.

మర్నాడు కురుమయ్య అనే రైతు వాడిపోయిన పల్లి మొక్కను దుకాణానికి తెచ్చాడు.

"దీనికేమైంది సార్?"

రాఘవేందర్ చెయ్యి అలవాటుగా డబ్బా మీదికి పోయి ఆగింది. మొక్కను అందుకొని వేళ్లు చూశాడు. చాలాసేపు చూశాడు.

"తెల్వదు కురుమయ్యా. చేనుకాడికొచ్చి చూస్త."

కురుమయ్య పరేషాన్ అయిపోయాడు.

"పానం మంచిగుందా సార్?"