మగ్గానికి వేలాడిన కవచం

మొన్న మనవరాలు పట్టుబట్టి హైదరాబాదులోని మ్యూజియానికి తీసుకుపోతే, గాజుపెట్టెలో కనిపించిన ఒక పాత ఉక్కు కవచం దగ్గర నా కాళ్లు కదలనన్నాయి. రొమ్ముకు కట్టుకునే ఆ రేకు అంచు చుట్టూ బంగారు తీగతో పొదిగిన అరబ్బీ అక్షరాలు, నడుమ పూలతీగ. వెనక వైపు కూడా కనబడాలని పెట్టిన అద్దంలో ఎర్రటి నూలు మెత్త, దానికి నీలి అంచు. ఆ నీలి అంచు మా నాన్న, మా బాపు, తన మగ్గం మీద నేసిందే, నాకెవరూ చెప్పనక్కర్లేదు.

సిద్దిపేటలో మా వాడకు దగ్గర్లోనే ఉండే పెద్ద సాహెబు ఇంట్లో తాతలనాటి కవచం అది. మనవడు దాన్ని తొడుక్కొని పెళ్లిగుర్రం ఎక్కాలని ఆయన ముచ్చట. లోపలి మెత్తను ఎలుకలు కొరికేశాయి. అంచు రంధ్రాల్లోంచి సూది పోనిచ్చి కొత్తది కుట్టాలి, కానీ బంగారు తీగ ఎక్కడ లేస్తుందోనని బజారులో దర్జీలెవరూ ముట్టుకోలేదు. నన్ను కన్న మా అవ్వ మాత్రం ఒప్పుకుంది. తీరా చూస్తే బోర్లా పెడితే తప్ప కుట్టు పడదు, దేవుడి మాట రాసివున్నదాన్ని నేల మీద బోర్లించడానికి ఆమెకు మనసొప్పదు.

చివరికి దారి చూపింది మా నేతపనే. మగ్గానికి కొత్త పడుగు, అంటే నిలువు దారాలు, ఎక్కించేటప్పుడు ఒకరు మగ్గం వెనక కూర్చుని పోగు అందిస్తే ఇంకొకరు ముందు నుంచి లాగుతారు కదా, అట్లాగే కవచాన్ని మగ్గానికి నిలువుగా వేలాడదీసి వెనక అవ్వ, ముందు బాపు కూర్చున్నారు. సూది మొన కనబడగానే "జర ఎడమకు, గాడ అచ్చరమున్నది" అని బాపు, "నాకేం కానొస్తది, నువ్వే జూడు" అని అవ్వ. దారిన పోయేవాళ్లు తొంగిచూసి, "ఏం బావా, ఇనుము గూడ నేస్తున్నవా?" అని నవ్విపోయేవాళ్లు.

పెళ్లికి ముందు సాహెబు వచ్చి, కళ్లజోడు సర్దుకుని, అంచంతా వేలితో తడిమి చూశాడు. "ఒక్క అచ్చరం మీద గూడ దారం పడలే బిడ్డా" అన్నాడు అవ్వతో. అవ్వ కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది గానీ, పెళ్లిరోజు గుర్రం మా వాడ ముందు నుంచి పోతుంటే మాత్రం అందరికంటే ముందుకొచ్చి నిలబడింది.

మ్యూజియం వాళ్లు పెట్టిన చీటీలో ఉక్కు గురించి, బంగారం గురించి ఉంది, మెత్త ఊసు లేదు. మా వాడలో మగ్గాల చప్పుడూ లేదిప్పుడు. ఎదురెదురుగా కూర్చుని ఇద్దరు ఒకే దారం పట్టుకునే పనులు ఈ కాలంలో ఎన్ని మిగిలాయో! దిగులేసింది, నిజమే. అయినా మనవరాలిని అద్దం ముందు నిలబెట్టి, "గిది మా అవ్వ కుట్టిందే బిడ్డా" అని చెప్పాను, పక్కవాళ్లకు కూడా వినబడేటట్టు కొంచెం గట్టిగానే.