దండ వేసిన ఫ్రిజ్

2006 మే నెలలో నేను నాచారంలోని ఒక పట్టణ ఆరోగ్య కేంద్రంలో మెడికల్ ఆఫీసర్‌ని. విదేశీ సాయం కింద మాకొక టీకాల ఫ్రిజ్ వచ్చింది. గోడల్లో మంచు పేరుకుని, కరెంటు పోయినా ఒక రోజు దాకా చల్లగా ఉండే రకం. మా కరెంటుకు తగిన సరుకే. ఇచ్చిన దేశంవాళ్ళు దాన్ని చూడటానికి సోమవారం వస్తున్నారని శనివారం పొద్దున కబురొచ్చింది.

పెద్దమనుషులు వస్తున్నారంటే మనవాళ్ళకు కాలు నిలవదు. వెనక గదిలో ఉంటే ఎవరికి కనిపిస్తుందని నేనే ఫ్రిజ్‌ను లోపలి టీకాలతో సహా ముందు హాల్లోకి లాగించాను. ఫార్మసిస్టు దాన్ని తుడిచి, కుంకుమ బొట్లు పెట్టి, బంతిపూల దండ వేశాడు. హాల్లో ఉన్న ఒకే ఒక్క ప్లగ్గును అతిథుల కోసం తెచ్చిన కూలర్‌కి ఇచ్చాం. ఫ్రిజ్‌కి కూడా కరెంటు కావాలని ఎవరికీ తట్టలేదు. డాక్టరునని చెప్పుకునే నాకూ తట్టలేదు!

సోమవారం వాళ్ళతో వచ్చిన సలహాదారు, సన్నటి ముసలాయన, రిజిస్టర్ అడిగాడు. అందులో ఫ్రిజ్ ఉష్ణోగ్రత రోజూ రెండుసార్లు రాయాలి, అది ఎనిమిది డిగ్రీలు దాటకూడదు. కేంద్రానికి తాళం వేసిన ఆదివారం కూడా నాలుగు డిగ్రీలే అని దిద్దినట్టు రాసి ఉంది. మూత తీస్తే థర్మామీటర్ ఇరవై రెండు చూపించింది. థర్మామీటర్ పాడైందని ఇంగ్లీషులో బొంకాను.

మా దగ్గర టీకాలు వేసే నర్సు యాదమ్మ పోలియో సీసా ఒకటి తీసి చూసింది. దాని లేబుల్ మీద చిన్న తెల్లటి చదరం ఉంటుంది. వేడి తగిలితే నల్లబడుతుంది. అది నల్లబడి ఉంది.

“సార్, ఇవన్ని పారవోసుడే.”

వాళ్ళు వెళ్ళాక చూద్దామని గొణిగాను.

“పోయినంక ఏం జూస్తరు? ఎల్లుండి బుధవారం గీ సీసాలే నా చేతికిస్తరు. పోరగాండ్ల నోట్ల పోసేది నేను. జర నేనన్నది అన్నట్టే ఆయనకు చెప్పుండ్రి సార్.”

సిగ్గుతో చచ్చిపోయాను. అన్నది అన్నట్టే చెప్పాను. ముసలాయన దండ వంక చూశాడు, వేలాడుతున్న వైరు వంక చూశాడు, తనే వెళ్ళి కూలర్ ప్లగ్గు పీకాడు.

టీకాలన్నీ పారేశాం. బుధవారం మండుటెండలో పిల్లల్ని ఎత్తుకొచ్చిన తల్లులు గేటు దగ్గర యాదమ్మను తిట్టిన తిట్లు నేను లోపల కూర్చుని విన్నాను. శనివారానికి ఉప్పల్ నుంచి కొత్త టీకాలు తెప్పించి అందరికీ వేశాం. ఆ తర్వాత అదే సాయం కింద రిజిస్టర్ల నిర్వహణ మీద ఒక పెద్ద హోటల్లో శిక్షణ పెట్టారు. నన్ను పిలిచారు, ఫార్మసిస్టును పిలిచారు. యాదమ్మను పిలవలేదు. భోజనం మాత్రం బ్రహ్మాండం.

ఏ దేశం ఎంత సాయం చేసినా అది పిల్ల నోటిదాకా చేరేది టీకా వేసే మనిషి చేతి మీదుగానే. ఆమె పనికిరాదన్న సీసా పనికిరాదు. డాక్టరు చేయాల్సిందల్లా ఆ మాటను మార్చకుండా పైకి చేరవేయడమే.