వానాకాలం సీసాలు

బంగాళాఖాతంలో ఒక వానాకాలాన్ని మొత్తం నేనొక్కణ్ణే మాయం చేశాను. అదీ తీరానికి వెళ్లకుండా, ఉప్పల్‌లో నిలబడి. తుఫానులకు కూడా సాధ్యం కాని పని.

తెలంగాణ రాకముందు మాట. ఉప్పల్‌లో ఒక ప్రయోగశాలలో కొత్తగా చేరాను. తీరం దగ్గరి నీళ్లలో తేలే, కంటికి కనపడని మొక్కలు కాలాన్నిబట్టి ఎలా మారుతున్నాయో మైక్రోస్కోపులో చూడటం నా పని. కాకినాడలో రమణ అనే ఆయన పడవలో వెళ్లి నీళ్లు పట్టి, పాడవకుండా అయొడిన్ వేసి, సీసాలు పంపేవాడు. మొదటిరోజే ఫోన్లో, "హైదరాబాదోళ్లకి సముద్రం గురించేం తెలుస్తుందండీ?" అన్నాడు. మీరైతే మర్చిపోతారు. నేను మర్చిపోలేదు.

ఎండాకాలం సీసాలను కుదిపి చూస్తే ఆ మొక్కలు సాయంత్రం ఉప్పల్ నుంచి నాచారం వెళ్లే బస్సులో జనంలా కిక్కిరిసి ఉండేవి. వానలు పడ్డాక వచ్చిన సీసాల అడుగున మాత్రం మందంగా మట్టి. గోదావరి వరద మట్టి కాబోలనుకుని పైన తేటనీళ్లు వంచుకుని, దాన్ని పారబోసి, ఆ తేట మాత్రం చూశాను. ఒక్క మొక్కా లేదు! దొరికాడు దొంగ. పడవెక్కకుండా కుళాయి నీళ్లలో మట్టి కలిపి పంపుతున్నాడు!

"మేడం, ఆయన్ని నౌకరీల నుంచి తీసెయ్యాలె," అని మా ప్రయోగశాల పెద్ద సుజాత మేడంకు ఫిర్యాదు చేశాను.

"జర ఆగు. పిలిపిస్త."

రమణ రైలెక్కి వచ్చాడు, మొహం వాడిపోయి. "జోరువానలో ప్రాణాలకు తెగించి పట్టిన నీళ్లండీ! నా ఉద్యోగం తీయిస్తారా?"

"గట్లనా? మరి మొక్కలేవి?" అన్నాను.

"మీరెలా చూశారో ఒక్కసారి చూపించండి."

అందరి ముందూ చొక్కా చేతులు మడిచాను. పూజారి తీర్థం పోసినంత శ్రద్ధగా తేట వంచి, అడుగు మట్టిని సింకులో పోసి కుళాయి తిప్పాను.

"అయ్యయ్యో, ఆపండి బాబూ!" రమణ నెత్తి పట్టుకున్నాడు. "అయొడిన్ పడితే అవి అడుక్కి దిగిపోతాయండీ! మీరు పారబోసిందే సరుకు!"

మేడం సింకు అంచున మిగిలిన బురదచుక్కను మైక్రోస్కోపు కింద పెట్టారు. చూశారు. చుక్క నిండా మొక్కలే. తర్వాత నన్ను చూశారు.

"వానాకాలంల సముద్రం యాడికి పోయిందా అని పరేషానైతున్న. మురికి నాలాల కలిపినవా?"

"వచ్చే నెల నీళ్లు ఉప్పల్ నాలాలోనే పట్టుకుంటానండీ," అన్నాడు రమణ, పోయిన ప్రాణం తిరిగొచ్చి. "అలల బాధైనా ఉండదు."

ఆ మట్టిలో మొక్కలున్నాయని సీసా మీద ఎవరూ రాయలేదని నేను ఇప్పటికీ వాదిస్తాను. అయినా ఆరోజే మైక్రోస్కోపు మీద చెయ్యేసి ఒట్టు పెట్టుకున్నాను: అడుగున ఏది అంటుకుని ఉన్నా, ఈ జన్మలో నా చేత్తో కడగను. అడుగంటిన పాలగిన్నెకు ఈ ఒట్టు వర్తించదని మా ఆవిడ అంటోంది. ఆమె మీద ఫిర్యాదు ఎవరికివ్వాలో మాత్రం ఇంతవరకూ తెలియలేదు.